జనవరి ప్రణాళిక, ఫిబ్రవరి మనిషి

కొత్త సంవత్సరం కోసం కొన్న డైరీని మార్చి నెలలో ఒకసారి తిరగేస్తే చాలామంది ప్రణాళికల చరిత్ర అందులోనే కనిపిస్తుంది. మొదటి పేజీలో లక్ష్యాలు వరుస సంఖ్యలతో, గుండ్రటి చేతిరాతతో, కింద గీతలతో సహా ఉంటాయి. రెండో వారానికి వచ్చేసరికి రాత కాస్త వాలుతుంది, వాక్యాలు పొడి మాటలవుతాయి. పదిహేడో తేదీ పేజీలో ‘ఈరోజు కుదరలేదు’ అన్న ఒక్క ముక్క ఉంటుంది. పద్దెనిమిది నుంచి అన్నీ తెల్ల కాగితాలే. ఆ ఖాళీని చూసి పట్టుదల లేదనీ, ఆరంభశూరత్వమనీ తీర్పు చెప్పడం తేలిక. కానీ మొదటి పేజీకి తిరిగి వెళ్లి అక్కడ రాసినదాన్ని నిదానంగా చదివితే లోపం ఆ పేజీలోనే ఉన్నట్టు తెలుస్తుంది. ఎలా మొదలుపెట్టాలో అందులో ఉంది, ఏడాది చివరికి ఎంత సాధించాలో ఉంది, పదిహేడున కుదరకపోతే పద్దెనిమిదిన ఏం చేయాలో మాత్రం లేదు.

ఆ మాటకొస్తే జనవరి 1కి ప్రకృతిలో ప్రత్యేకత ఏమీ లేదు. ఆ రోజు ఋతువు మారదు, పగలూ రాత్రీ సమానం కావు. రోమన్ రాజ్యంలో కాన్సుల్‌లు అనే అత్యున్నత అధికారులు పదవి చేపట్టే తేదీని క్రీ.పూ. 153లో మార్చి 15 నుంచి జనవరి 1కి జరిపారు. స్పెయిన్‌లో యుద్ధానికి సేనాని త్వరగా బయలుదేరవలసి రావడమే అందుకు కారణమని చెబుతారు. ఇంగ్లండ్‌లోనైతే 1752లో మార్పు జరిగేదాకా చట్టరీత్యా సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పాలనా సౌకర్యం కోసం ఎవరో జరిపిన తేదీ, ఇన్ని శతాబ్దాల తర్వాత కోట్లమంది చేత అలవాట్లు మార్చుకుంటామని ఒట్టు పెట్టిస్తోందంటే విచిత్రమే. అయితే విచిత్రమైనంత మాత్రాన అది ఉత్త భ్రమ అనుకోనవసరం లేదు.

హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే ముగ్గురు పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్నే పట్టి చూసింది. గూగుల్‌లో ‘డైట్’ అనే మాట కోసం జరిగే వెతుకులాట, ఒక విశ్వవిద్యాలయపు వ్యాయామశాలకు విద్యార్థుల రాకపోకలు, లక్ష్యానికి కట్టుబడతామని ఆన్‌లైన్‌లో రాసుకునే ఒప్పందాలు — ఈ మూడూ వారం మొదట్లో, నెల మొదట్లో, సంవత్సరం మొదట్లో పెరుగుతున్నట్టు వారు గమనించారు. కాలాన్ని మనిషి మనసు ఏకధారగా కాక అధ్యాయాలుగా చూస్తుందని, కొత్త అధ్యాయం మొదలైనప్పుడు పాత తప్పులన్నీ ‘అప్పటి మనిషి’ ఖాతాలో పడి ‘ఇప్పటి మనిషి’ తేలికపడతాడని వారి వివరణ. అంటే తేదీకి సొంతంగా ఏ మహిమా లేకపోయినా, నిన్నటికీ నేటికీ మధ్య గీత గీసుకోవడానికి అది సాకుగా పనికివస్తుంది. జాన్ నార్‌క్రాస్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన కూడా నూతన సంవత్సర తీర్మానాలను ఎగతాళి చేసేవారు గుర్తుంచుకోదగినదే. మారాలన్న కోరిక ఉన్నవారిలో తీర్మానం చేసుకున్నవారు ఆరు నెలల తర్వాత 46 శాతం మంది ఇంకా నిలబడగా, కోరిక ఉండి కూడా తీర్మానం చేసుకోనివారిలో నిలబడినవారు 4 శాతమే. ఇవన్నీ ఎవరికి వారు చెప్పిన సమాధానాల మీద ఆధారపడిన లెక్కలు కాబట్టి కొంత తగ్గించి చూసుకున్నా, తేడా చిన్నది కాదు.

ఈ గీతకు రెండో వైపు ఒకటి ఉంది, దాని గురించి తక్కువ మంది మాట్లాడతారు. అమెరికా బేస్‌బాల్‌లో ఆటగాడు ఏడాది మధ్యలో ఒక లీగ్ (జట్ల కూటమి) నుంచి మరో లీగ్‌కు మారితే ఆ ఏడాది అతని ఆట లెక్కలు మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. అదే లీగ్‌లో జట్టు మారితే పాత లెక్కలు కొనసాగుతాయి. ఈ తేడాను ఆసరా చేసుకుని హెంగ్‌చెన్ దాయ్ 2018లో చేసిన పరిశీలనలో, అంతకుముందు బాగా ఆడనివారికి లెక్క చెరిగిపోవడం మేలు చేసిందని, బాగా ఆడుతున్నవారికి మాత్రం అదే చెరుపు చేసిందని తేలింది. దీన్ని బట్టి చూస్తే డిసెంబరు చివర్లో వేసుకోవలసిన మొదటి ప్రశ్న ‘కొత్తగా ఏం మొదలుపెట్టాలి’ అన్నది కాదు, ‘దేన్ని కదపకూడదు’ అన్నది. ఆరు నెలలుగా సాయంత్రం నడక సాఫీగా సాగుతున్న మనిషి, సంవత్సరం మారింది కదా అని దాన్ని తెల్లవారుజాము పరుగుగా మార్చి, కొత్త బూట్లు కొని, కొత్త యాప్ పెట్టుకుంటే ఉన్న నడక కూడా పోయే అవకాశం ఎక్కువ.

కదపవలసినవి ఏవో తేలాక, వాటిని ఏ మాటలతో రాసుకుంటున్నామన్నది పైకి కనిపించేదానికంటే పెద్ద విషయం. స్వీడన్‌లో 1,066 మందిని ఏడాది పాటు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ‘ఇది చేస్తాను’ అన్న రూపంలో తీర్మానం చేసుకున్నవారిలో 58.9 శాతం మంది, ‘ఇది మానేస్తాను’ అన్న రూపంలో చేసుకున్నవారిలో 47.1 శాతం మంది సఫలమయ్యామని చెప్పారు. మానేయడం అనేది రోజంతా కాపలా కాయవలసిన పని; చేయడం అనేది ఒక వేళకు ముగిసే పని. రాత్రి ఫోన్ చూడకూడదని రాసుకున్న మనిషికి ఫోనే గుర్తుకొస్తుంటుంది. పదింటికి ఫోన్‌ను వంటగదిలో ఛార్జింగ్‌కు పెట్టి పడకగదిలోకి రావాలని రాసుకున్న మనిషికి చేయడానికి ఒక పనంటూ ఉంటుంది.

‘వీలైనంత బాగా చేయాలి’ అన్న మాట కూడా ఇలాంటిదే. లక్ష్యనిర్ణయ సిద్ధాంతానికి పునాది వేసిన ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్‌ల పరిశోధనల్లో కలప లారీల ఉదాహరణ ప్రసిద్ధమైనది. చట్టం అనుమతించిన బరువులో 60 శాతం దాకా మాత్రమే దుంగలు నింపుకుని తిరుగుతున్న లారీ డ్రైవర్లకు, వీలైనంత ఎక్కువ నింపండని చెబితే పెద్దగా ఫలితం రాలేదు. 94 శాతం నింపాలని అంకె చెప్పినప్పుడు, అదనంగా డబ్బేమీ ఇవ్వకుండానే, నింపే బరువు 90 శాతం దగ్గరకు చేరింది. ‘వీలైనంత’ అన్నప్పుడు ఎంత చేసినా అది వీలైనంతే అవుతుంది, అందుకే ఆ మాట మనిషిని కదిలించదు. అయితే ఈ ఉదాహరణను జీవితానికి అన్వయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. లారీ డ్రైవరుకు నింపడం వచ్చు, లారీ ఉంది, దుంగలు ఎదురుగా ఉన్నాయి. పని చేతకానప్పుడు, నేర్చుకునే దశలో ఉన్నప్పుడు పెద్ద ఫలితపు అంకె పెట్టుకోవడం పనికి అడ్డం వస్తుందని, అలాంటప్పుడు నేర్చుకోవలసిన మెట్లనే లక్ష్యంగా పెట్టుకోవడం మేలని లాక్, లాథమ్‌లే చెప్పారు.

ఇక్కడ ఒక కట్టుకథను పక్కన పెట్టడం మంచిది. 1953లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం నుంచి బయటికొచ్చిన విద్యార్థుల్లో లక్ష్యాలను కాగితం మీద రాసుకున్న 3 శాతం మంది, ఇరవై ఏళ్ల తర్వాత మిగతా 97 శాతం మంది మొత్తం సంపాదన కంటే ఎక్కువ సంపాదించారన్న కథ వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో దశాబ్దాలుగా తిరుగుతోంది. అలాంటి అధ్యయనం ఎన్నడూ జరగలేదు. రాసుకోవడం వల్ల మేలు లేదని దీని అర్థం కాదు. రాసుకున్నంత మాత్రాన జరిగిపోతుందన్న ధీమాకు ఆ కథ ఆధారం కాలేదని మాత్రమే.

లక్ష్యం రాశాక దాన్ని రోజుల్లోకి విడగొట్టే దగ్గరే ప్రణాళికలు ఎక్కువగా దెబ్బతింటాయి. ఏడాదిలో 24 పుస్తకాలు చదవాలని ఒకరు అనుకున్నారనుకుందాం. పుస్తకానికి 250 పేజీల చొప్పున మొత్తం 6,000 పేజీలు. 365తో భాగిస్తే రోజుకు పదహారు పదిహేడు పేజీలు, పేజీకి రెండు నిమిషాలు వేసుకుంటే అరగంట పైచిలుకు. డిసెంబరు 31 రాత్రి చూస్తే ఇది చాలా తేలికగా కనిపిస్తుంది. కానీ జ్వరాలు, ప్రయాణాలు, బంధువుల రాకలు, ఆఫీసులో ఊపిరాడని వారాలు కలిపి ఏడాదిలో ఆరు వారాలు పోతాయని, మిగిలిన 46 వారాల్లో వారానికి ఐదు రోజులే చదవడం కుదురుతుందని ఒప్పుకుంటే చేతిలో ఉండేవి 230 రోజులు. అప్పుడు అదే 6,000 పేజీలకు రోజుకు 26 పేజీలు, అంటే దాదాపు గంట కావాలి. మొదట అనుకున్న అరగంట పైచిలుకుకు మించి కుదరదనుకుంటే 24 కాస్తా 15 అవుతుంది. ఈ పదిహేను అన్న అంకె మొదటి పేజీలో అంత ఘనంగా ఉండదు, నిజమే. కానీ ఇరవై నాలుగు అని రాసుకుని నాలుగు చదివిన ఏడాది కంటే పదిహేను అని రాసుకుని పదమూడు చదివిన ఏడాది పుస్తకాల లెక్కలోనూ ఎక్కువే.

ఈ పొరపాటు అజాగ్రత్త మనుషులకే పరిమితం కాదు. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో దీన్ని ‘ప్రణాళికా భ్రమ’ అనదగిన పేరుతో వర్ణించారు. రోజర్ బ్యూలర్, మరిద్దరు సహచరులు 1994లో ప్రచురించిన పరిశోధనలో మనస్తత్వశాస్త్ర విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసం సుమారు 34 రోజుల్లో పూర్తవుతుందని అంచనా వేశారు. అన్నీ అడ్డం తిరిగితే ఎంత పడుతుందని అడిగితే సుమారు 49 రోజులన్నారు. వాస్తవంగా సగటున 55 రోజులకు పైగా పట్టింది. ఊహించుకున్న చెడ్డ పరిస్థితి కూడా వాస్తవం కంటే మెరుగ్గానే ఉందన్నమాట. దీనికి విరుగుడు ఊహను మానేసి అనుభవాన్ని అడగడం: గత ఏడాది నిజంగా ఎన్ని పుస్తకాలు చదివాం, ఎన్ని రోజులు నడిచాం అన్న అంకెను తీసి, దాని మీద కాస్త పెంచుకోవడం. గత ఏడాది మూడు పుస్తకాలు చదివిన మనిషికి ఈ ఏడాది ఆరు అన్నది పెద్ద లక్ష్యమే.

రోజుకు ఎంతో తేలాక, రోజులో ఎప్పుడు, ఎక్కడ అన్నది తేలాలి. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ దీని మీద ఎన్నో ఏళ్లు పనిచేశారు. ‘ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను’ అని ముందే వాక్యంగా కట్టుకుంటే, ఆ సందర్భం ఎదురైనప్పుడు మళ్లీ ఆలోచించి నిర్ణయించుకునే అవసరం లేకుండా పని మొదలవుతుందని ఆయన ప్రతిపాదన. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు ఈ పద్ధతికి మధ్యస్థం నుంచి పెద్ద స్థాయి ప్రభావం ఉన్నట్టు తేలింది. ‘ఈ ఏడాది పుస్తకాలు ఎక్కువ చదవాలి’ అన్న వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: ‘రాత్రి భోజనమై గిన్నెలు సర్దగానే, టీవీ పెట్టకముందే, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పదహారు పేజీలు చదువుతాను.’ మొదటి వాక్యంలో ఉన్నది ఆశ. రెండో వాక్యంలో గంట కొట్టేది ఒకటుంది: సర్దిన గిన్నెలు. పుస్తకం ముందే ఆ కుర్చీ మీద ఉంటే ఆ వాక్యానికి ఇంకొంచెం బలం వస్తుంది, బీరువాలో ఉంటే కొంత తగ్గుతుంది. గడియారపు వేళ కంటే ఇలా అప్పటికే ఇంట్లో జరుగుతున్న పనికి కొత్త పనిని ముడివేయడమే నయం. తొమ్మిదిన్నర అనుకుంటే భోజనం ఆలస్యమైన రోజున ఆ వేళ దాటిపోతుంది, గిన్నెలు మాత్రం ఎప్పుడైనా సర్దవలసిందే.

ఈ పద్ధతి బాగుంది కదా అని పది లక్ష్యాలకు పది వాక్యాలు కట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. ఎమీ డాల్టన్, స్టీఫెన్ స్పిల్లర్ 2012లో చూపించినట్టు, ఒకే లక్ష్యానికి ఇలా ప్రణాళిక వేసుకున్నప్పుడు కనిపించిన మేలు, అనేక లక్ష్యాలకు ఒకేసారి వేసుకున్నప్పుడు కనిపించలేదు. ఎన్ని అడ్డంకులున్నాయో, ఒకదానికి మరొకటి ఎలా పోటీ వస్తుందో వివరంగా కళ్లకు కట్టి మనిషి ముందే డీలాపడతాడు. ఒకటి, మహా అయితే రెండు; మిగతావి ఏప్రిల్‌కో జులైకో పెట్టుకోవచ్చు. నెలకూ వారానికీ కూడా మొదటి రోజు ఉంటుందన్న సంగతి పైన చెప్పిన అధ్యయనంలోనే ఉంది.

ఇప్పుడు పదిహేడో తేదీ దగ్గరకు రావాలి. ప్రణాళిక వేసిన మనిషి డిసెంబరు చివరి రాత్రి మనిషి; సెలవులో ఉన్నాడు, విశ్రాంతిగా ఉన్నాడు, శ్మశాన వైరాగ్యంలాగే అప్పటికి అతని సంకల్పమూ నిజమైనదే. దాన్ని మోయవలసినవాడు మాత్రం జనవరి చివరా, ఫిబ్రవరిలోనూ అలసి ఇంటికొచ్చే మనిషి. మొదటివాడు రెండోవాడికి రాసిచ్చిన కాగితంలో తప్పిపోయిన రోజు ప్రస్తావనే లేకపోతే, ఆ రోజు వచ్చినప్పుడు రెండోవాడికి తోచే అర్థం ఒక్కటే: ప్రణాళిక విరిగిపోయింది. ఆహార నియమాల మీద పరిశోధించిన జానెట్ పాలివి, పీటర్ హెర్మన్ ఈ మనస్థితిని చక్కగా పట్టుకున్నారు. నియమం ఒకచోట తప్పిందని అనిపించగానే, ఎలాగూ చెడిందిగా అనుకుని నియమం పాటించేవారే మరింత ఎక్కువ తినేస్తారు. మునిగాక చలేమిటి అన్న సామెత చెప్పేదీ దాదాపు ఇదే.

ఇంకా పెద్ద చిక్కు బకాయిలది. రోజుకు పదహారు పేజీలు అని రాసుకున్న మనిషి నాలుగు రోజులు చదవలేదనుకుంటే, ఐదో రోజు కుర్చీ దగ్గరకు వచ్చేసరికి అతని లెక్కలో ఎనభై పేజీలు ఉంటాయి. ఎనభై పేజీలంటే రెండున్నర గంటలకు పైమాటే. అంత సమయం లేదు కాబట్టి ఆదివారం చూద్దాం అనుకుంటాడు, ఆదివారానికి అది నూటపాతిక దాటుతుంది. పుస్తకం మీద ఇష్టం పోలేదు, ఓపిక పోలేదు, అప్పు మాత్రం పెరిగింది. అప్పులవాడి వీధిలోకి వెళ్లడం మానేసినట్టు ఆ కుర్చీ వైపు చూడటం మానేస్తాడు. చాలా తీర్మానాలు ఆగిపోయేది ఇలాగేనని చెప్పవచ్చు.

తప్పిన రోజు వల్ల నిజంగా జరిగే నష్టం ఎంత? లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 84 రోజుల పాటు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక రోజు తప్పడం వల్ల అలవాటు కుదురుకునే క్రమానికి చెప్పుకోదగ్గ అడ్డు రాలేదు. అలవాటు దాని పాటికది సాగే స్థితికి చేరడానికి పట్టే కాలం మధ్యస్థంగా 66 రోజులని, పనిని బట్టి, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారుతుందని వారి లెక్కల్లో వచ్చింది. 21 రోజుల్లో ఏ అలవాటైనా కుదురుతుందన్న ప్రచారం 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన రోగుల గురించి రాసిన పరిశీలన నుంచి పుట్టినది. దాన్ని నమ్మి ఇరవై రెండో రోజున ఇంకా కష్టంగానే ఉందేమిటని నిరాశపడిన వారి సంఖ్య ఎవరూ లెక్కపెట్టలేదు. నార్‌క్రాస్ 1980లలో రెండేళ్లపాటు సాగించిన మరో అధ్యయనంలో 200 మందిలో 77 శాతం మంది మొదటి వారం దాటారు, రెండేళ్ల తర్వాత మిగిలింది 19 శాతం మంది. సాధారణంగా ఈ 19 దగ్గరే కథనాలు ఆగిపోతాయి. అంతకంటే విలువైన సంగతి ఏమిటంటే, నెగ్గినవారిలో కూడా సగానికి పైగా మధ్యలో తప్పినవారే, రెండేళ్లలో సగటున 14 సార్లు. నెగ్గినవారికీ ఓడినవారికీ తేడా తప్పడంలో కంటే తప్పాక తిరిగి రావడంలోనే ఉందని దీన్ని బట్టి అర్థమవుతుంది.

2021లో ప్రచురితమైన ఒక భారీ ప్రయోగం ఇదే వైపు చూపిస్తోంది. అమెరికాలో ఒక వ్యాయామశాలల సంస్థ సభ్యులు 61,293 మంది మీద మిల్క్‌మన్ తదితరులు నాలుగేసి వారాల కార్యక్రమాలు 54 రకాలు పరీక్షించారు. అన్నిటిలోకీ మెరుగైన ఫలితం వచ్చినది, ఒకసారి తప్పి మళ్లీ వచ్చినవారికి చిన్న అదనపు బహుమతి ఇచ్చిన పద్ధతికి. అంటే తిరిగి వచ్చిన అడుగును గుర్తించడం బాగా పనిచేసింది. దీన్ని వ్యక్తిగత ప్రణాళికలోకి తెచ్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు, మొదటి పేజీలో లక్ష్యం కిందనే రెండు మూడు వాక్యాలు చాలు. ‘తప్పిన పేజీలకు బకాయి లేదు. వరుసగా రెండు రోజులు తప్పితే మూడో రోజు లక్ష్యం ఐదు పేజీలే. నెలకు నాలుగు రోజులు ముందే మినహాయింపు, వాడుకున్న రోజున పేజీ మీద చుక్క పెట్టాలి.’ మారిసా షరీఫ్, సుజాన్ షూ 2017లో చూపించినట్టు, కఠినమైన లక్ష్యం పెట్టుకుని దానికి కొన్ని అత్యవసర మినహాయింపులు జోడించుకున్నవారు, మినహాయింపు లేని లక్ష్యం పెట్టుకున్నవారి కంటే ఎక్కువ కాలం పట్టు వదలలేదు. మినహాయింపు చేతిలో ఉన్నప్పుడు దాన్ని వృథా చేయకూడదనే మనిషికి అనిపిస్తుంది. లేనప్పుడు ఒక్క తప్పుతోనే అంతా ముగుస్తుంది.

ఎంత జరిగిందో చూసుకోవడం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. బెంజమిన్ హార్కిన్ బృందం 2016లో 138 అధ్యయనాలను కలిపి చూసి, పురోగతిని గమనించుకోవడం లక్ష్యసాధనకు తోడ్పడుతుందని, దాన్ని ఎక్కడైనా నమోదు చేసినప్పుడు, నలుగురికీ తెలిసేలా చెప్పినప్పుడు ప్రభావం ఇంకా ఎక్కువని తేల్చింది. అయితే ఇక్కడ నలుగురికీ చెప్పవలసినది చేసిన పనినే గాని చేయబోయే పనిని కాదు. గోల్‌విట్జర్ 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఫలానా వాళ్లం కావాలన్న సంకల్పాన్ని ఇతరులు గుర్తించాక దానికోసం పడే కష్టం తగ్గింది. అప్పుడే అయిపోయినంత తృప్తి వచ్చేసింది. డిసెంబరు 31న అందరికీ ప్రకటించడం కంటే జనవరి 31న ఒక్కరికి లెక్క చెప్పడం ఉపయోగకరం.

చివరకు కొన్ని లక్ష్యాలు వదిలేయవలసినవే ఉంటాయి. ఉద్యోగం మారి సాయంత్రాలు పోయిన మనిషి సాయంత్రపు సంగీతం తరగతిని పట్టుకుని వేలాడటం పట్టుదల కాదు. చేరుకోలేని లక్ష్యాన్ని వదిలి, దాని స్థానంలో అర్థమున్న మరోదాన్ని చేపట్టగలవారు మానసికంగా మెరుగ్గా ఉంటారని కార్‌స్టన్ వ్రోష్ తదితరుల పరిశోధనలు చెబుతున్నాయి. చిక్కల్లా వదిలేయడానికీ జారిపోవడానికీ తేడా తెలియకపోవడంలోనే. దానికి ఒక పద్ధతి ఏమిటంటే, తప్పిన రోజున గాని, అలసిన రాత్రి గాని ఏ లక్ష్యాన్నీ కొట్టివేయకుండా, మూడు నెలలకొకసారి ముందే అనుకున్న రోజున మాత్రమే ఆ నిర్ణయం తీసుకోవడం. అలా కొట్టేసిన లక్ష్యం పక్కన తేదీ, కారణం కూడా రాసిపెడితే, వచ్చే డిసెంబరులో అదే లక్ష్యం మళ్లీ కొత్త డైరీ మొదటి పేజీకి ఎక్కబోయేటప్పుడు, ఆ కారణం ఇంకా ఉందో తీరిపోయిందో చూసుకుని రాయడానికి వీలవుతుంది.